చప్టా మీద నీళ్ళు

పత్తి కుప్పను మోకాళ్ళతో అదిమి గోడవైపు నెట్టి, మంచం పట్టేంత చోటు చేసింది పరిమళ. వదలగానే పత్తి మళ్ళీ మెల్లగా ఉబ్బి ముందుకు జారింది. తుఫాను వస్తోందన్న కబురు తెలిసిన దగ్గర్నుంచి ఊరంతా చేలమీద పడి, విచ్చిన కాయనీ సగం విచ్చిన కాయనీ వదలకుండా ఏరుకొచ్చింది. ఆరబోసే వ్యవధి లేదు. వాళ్ళ కౌలుచేను పత్తంతా ఈ ముందుగదిలోనే నడుమెత్తున పేరుకుని ఉంది. చెమ్మ పత్తి లోపల్లోపల వేడెక్కుతుంది. చెయ్యి దూరిస్తే పాలున్న పొదుగును ముట్టుకున్నట్టు వెచ్చగా తగిలింది. ఎండిన కాయల మొనలు గీరి ఆమె వేళ్ళ చివర్లు చీలి ఉన్నాయి. ఆ చీలికల్లో పత్తినూగు ఇరుక్కుని తెల్లగా కనబడుతోంది.

వెనకగదిలో రేకు పగిలి కారుతుంది. అందుకే అత్తను ముందుగదిలోకి మార్చాలి. పరిమళ ఆమె చంకల కింద చేతులు వేసి లేపి, గుండెకు ఆనించుకుని, తను వెనక్కి వెనక్కి నడుస్తూ తీసుకొచ్చింది. ఆరోగ్యమ్మ పెద్ద బరువుండదు. అదే కష్టం. ఎక్కడ పట్టుకున్నా ఎముకే చేతికి తగులుతుంది. గట్టిగా పట్టుకుంటే నొప్పి అంటుంది, వదులుగా పట్టుకుంటే జారిపోతుందని భయం.

మంచంమీద వాలగానే ఆరోగ్యమ్మ స్వెట్టరు గుండీలు సర్దుకుంది. లేత గులాబీరంగు స్వెట్టరు. కిందటి క్రిస్మస్‌కి చిన్నకోడలు జాయిస్ తెచ్చింది. ఇంత ఉక్కలో కూడా విప్పనివ్వదు.

"జాయిసు ఫోన్ చేసిందా?" అంది.

"లేదు."

"చేస్తానంది. కారేసుకుని వస్తామన్నారు."

"వస్తే కనపడదా అత్తమ్మా. కారేమన్నా సూదా?"

"ఫోను చార్జింగు పెట్టావా? కరెంటు పోయిద్దంటున్నారు."

"పెట్టా."

"మోగేటట్టు పెట్టావా?"

పరిమళ అత్త కాళ్ళమీద దుప్పటి కప్పి, పాదాల దగ్గర కొంచెం గట్టిగానే దోపింది.

ప్రేమదాసు ఆరోగ్యమ్మ పెద్దకొడుకు, పరిమళ భర్త. జగ్గయ్యపేటలో ఒక పత్తిమిల్లుకి వాచ్‌మన్. తుఫాను వెళ్ళేదాకా మిల్లు వదిలి కదలొద్దని యజమాని చెప్పాడని నిన్న ఫోన్ చేసి, "అమ్మ జాగ్రత్త" అని పెట్టేశాడు. పరిమళ జాగ్రత్త అని విడిగా ఎప్పుడూ అనడు. అమ్మ జాగ్రత్తలో ఈవిడ కూడా కలిసే ఉంటుందని అతని ఉద్దేశం. చిన్నవాడు స్టీవెన్ నందిగామలో టీచరు. అక్కడ స్లాబు ఇల్లు కట్టుకున్నాడు. అతని భార్య జాయిస్.

జాయిస్ నెలకోసారి వస్తుంది. వచ్చినప్పుడల్లా ఒక హార్లిక్స్ డబ్బా, నాలుగు యాపిల్ పళ్ళు, మెత్తటి నైటీ, ఏదో ఒకటి తెస్తుంది. అత్త పక్కన కూర్చుని చెయ్యి నిమురుతుంది. గోళ్ళు తీస్తుంది. ఇద్దరూ తలలు ఆనించి ఫోనులో ఫోటో దిగుతారు. సాయంత్రానికి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ ఆరోగ్యమ్మ కిటికీలో వరసగా పేర్చిన డబ్బాలు చూపిస్తుంది. "మా చిన్నకోడలు" అంటుంది. వాటిలో చాలామటుకు ఖాళీవే. అయినా మూతలు పెట్టి ఉంచమంటుంది. పరిమళ వాటిమీద దుమ్ము కూడా తుడుస్తుంది. డబ్బా అందరి కంటికీ కనబడుతుంది. తెల్లవారకముందే ఉతికి ఆరేసిన పక్కబట్ట ఎవరికి కనబడుతుంది? ఆరిపోయాక అది మామూలు బట్టే.

అత్తకి జావ తాగించి, పరిమళ నిచ్చెన వేసుకుని ఇంటిమీదికి ఎక్కింది. ఇసక నింపిన యూరియా సంచుల్ని పక్కింటి బేబి కిందనుంచి అందిస్తోంది. పరిమళ వాటిని రేకుల అంచులమీద పేర్చి, తాడుతో ఒకదానికొకటి ముడివేస్తోంది. గాలి ఇంకా రాలేదు. ఆకాశం మాత్రం కడగని గిన్నెలా మురికిగా ఉంది. ఆకు కదలడం లేదు.

"వదినా, జారతావు. మా తమ్ముణ్ణి పిలవనా?"

"మీ తమ్ముడు ఎక్కితే నేను కాదు, రేకు జారిద్ది."

బేబి నవ్వింది. వరసకి ఆడపడుచు. నోట్లో మాట ఆగదుగానీ మనిషి మంచిది. ఇంకో సంచి అందిస్తూ, "మీ అత్తని జాయిసమ్మ తీసుకుపోయిద్దంటగా. మంచిపని. స్లాబు ఇంట్లో భయముండదు" అంది.

"ఎవరు చెప్పారు?"

"మీ అత్తే. ఇందాక కిటికీలోంచి పలకరించాలే. మొహం ఎట్టా వెలిగిపోయిందో. పెళ్ళికి పోతున్నట్టు చెప్పింది."

పరిమళ ముడిని పళ్ళతో బిగించింది. తాడు పీచు నోట్లోకి వచ్చింది. ఉమ్మేసి తల ఎత్తితే ఊరి చివర వాగు కనిపించింది. వాగుమీద పల్లపు సిమెంటు చప్టా, దాని అవతల పెనుగంచిప్రోలు పోయే రోడ్డు. ఊరికి ఉన్న దారి అదొక్కటే. నీళ్ళు చప్టా కింది తూముల్లోంచి సన్నగా పోతున్నాయి. పైన సిమెంటు తెల్లగా ఉంది. ఎవరివో గొర్రెలు దాటుతున్నాయి.

మామ పోయినప్పుడు కూడా ఇలాగే తీసుకెళ్ళారు. పక్షవాతం వచ్చి పడిన మనిషిని ఏళ్ళ తరబడి ఇటు తిప్పి అటు తిప్పి, వీపుమీద పుండు పడకుండా చూసింది పరిమళ. స్కానింగు తీయించాలని నందిగామ తీసుకెళ్తే ఆయన అక్కడే పోయాడు. శవపెట్టె ఆ స్లాబు ఇంటి గుమ్మంలోంచే లేచింది. ఇక్కడి చర్చి సంఘంలో అది చిన్న విషయం కాదు. పెద్దవాళ్ళ పెట్టె ఎవరి గుమ్మం దాటితే చివరిదాకా చూసింది వాళ్ళే. పాస్టరుగారు ఆ ఇంటి పేరే ఎత్తుతారు. ఫ్లెక్సీమీద ఆ జంట ఫోటోయే పెద్దదిగా వేస్తారు. "చిన్నకుమారుడు స్టీవెన్‌గారి గృహములో ప్రభువునందు నిద్రించారు" అని చదివినప్పుడు పరిమళ అందరికన్నా వెనక, అన్నం గంగాళం పక్కన నిలబడి ఉంది. వచ్చినవాళ్ళు జాయిస్ తల నిమిరి, "ఎంత చేశావమ్మా తల్లీ" అన్నారు. ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ, "నేనేం చేశానండీ, అంతా మా అక్కే చేసింది" అంది. అది నిజమే. కానీ ఆ నిజం తన నోటితో చెప్పడంవల్ల ఆమె ఇంకొంచెం మంచిదైంది. పరిమళ మాత్రం గంగాళం దగ్గరే ఉండిపోయింది.

ఇప్పుడు అత్త గుండె కూడా బాగా బలహీనపడిందని, ఎన్నాళ్ళో చెప్పలేమని డాక్టరు అనేశాడు. ఈ స్థితిలో నందిగామ వెళ్తే ఆమె తిరిగి రాదు. తుఫాను వెళ్ళిపోతుంది, అత్త అక్కడ ఉండిపోతుంది. రేకులు లేచిపోతాయన్న భయం పరిమళకి లేకపోలేదు. ఈ రెండో భయం దాన్ని పక్కకి నెట్టేసింది.

నిచ్చెన దిగి చేతులు కడుక్కుంటుంటే ఫోను మోగింది.

"అక్కా, ఎట్లా ఉంది అక్కడ? గాలి మొదలైందా?" జాయిస్ గొంతు.

"ఇంకా లేదు."

"మేం బయల్దేరుతున్నాం. ఆయన కారు తీస్తున్నారు. అత్తయ్యగారి మందులు ఒక కవర్లో పెట్టక్కా. బట్టలు అక్కర్లేదు. కొత్త నైటీలు తెచ్చా. ఆవిడ గది కూడా సర్దేశా."

ఆవిడ గది. ఆ మాట దగ్గర పరిమళ ఆగిపోయింది. ఈ ఇంట్లో ఎవరికీ గది లేదు. ముందుగది, వెనకగది అంతే.

"మీరు రాలేరు జాయిసూ" అంది. అలా అనబోతున్నట్టు తనకే తెలియదు. "చప్టామీదికి నీళ్ళొచ్చినయ్."

"అప్పుడేనా? వానే లేదుగా?"

"ఎగువన పడుంటది. మోకాలెత్తున పారతన్నయ్. ఆటోలు కూడా ఆపేసారు."

"అయ్యో. మరి అత్తయ్యగారు?"

"నేనున్నాగా."

ఫోను పెట్టేశాక పరిమళ దాన్ని కొంగుతో తుడిచింది. మోకాలెత్తున అని ఎందుకు అందో తెలియలేదు. ఊరికే నీళ్ళొచ్చాయంటే చాలు కదా.

"ఏమంటంది?" అంది ఆరోగ్యమ్మ గదిలోంచి.

"వాగొచ్చింది. కారు రాదు."

"ఎవరన్నారు?"

"నేనే చూసా. ఇంటిపైకి ఎక్కా కదా."

ఆరోగ్యమ్మ ఆమె మొహంలోకి కాసేపు చూసింది. కంటిపొర కమ్మిన ఆ చూపుకి ఎంత ఆనుతుందో పరిమళకి ఎప్పుడూ అంతు పట్టదు. "పోన్లే. పిల్లల్ని పెట్టుకుని ఈ వాతావరణంలో బయటికి రావొద్దని చెప్పాల్సింది దానికి" అంది.

ఇంటి రేకులు నిలుస్తాయో లేదో అని కాదు, ఈ పూట నువ్వేం తిన్నావని కాదు. రాలేకపోయిన ఆవిడ గురించే బెంగ. పరిమళ వంట దగ్గరికి వెళ్ళి, రేపటికి కూడా సరిపడేలా అన్నం వండింది, చింతపండు పులుసు పెట్టింది. బిందెలన్నీ నింపింది. కిరసనాయిలు లేని లాంతరుని బయటికి తీసి, చూసి, మళ్ళీ లోపల పెట్టింది.

పులుసు దించుతుండగా చర్చి మైకు గరగరలాడింది. పాస్టరు ప్రేమానందంగారి గొంతు. "ప్రియమైన సంఘస్తులకు గమనిక. మన వాగు చప్టామీద నీళ్ళు మోకాలెత్తున ప్రవహిస్తున్నాయని సమాచారం అందింది. దయచేసి ఎవరూ అటు వెళ్ళవద్దు. ఆటోలు, బళ్ళు దాటించవద్దు. అందరూ ఇళ్ళలో ఉండి ప్రార్థన చేసుకోండి."

గరిటె పట్టుకుని అలాగే నిలబడింది పరిమళ. తన మాట నందిగామ వెళ్ళి, చర్చి చేరి, మైకెక్కి తిరిగి తన పొయ్యి దగ్గరికే వచ్చింది. మోకాలెత్తు కూడా అలాగే ఉంది, అంగుళం తగ్గలేదు. మొదట భయం వేసింది. తర్వాత ఏదో నెమ్మది లాంటిది కలిగింది. పాస్టరుగారు చెప్పాక ఇక అది తన అబద్ధం కాదనిపించింది.

"నిజంగానే వచ్చినయ్యే నీళ్ళు" అంది ఆరోగ్యమ్మ మంచంమీదనుంచి.

కాసేపటికి బేబి దుప్పట్ల మూటతో గుమ్మంలోకి వచ్చింది. "రేకుల ఇళ్ళవాళ్ళందర్నీ హైస్కూలుకి రమ్మంటన్నారు వదినా. అన్నం కూడా పెడతారంట. మీ అత్తని మంచంతో సహా మోయిస్తా, పదా."

"పత్తి వదిలేసి ఎట్టా వస్తా?"

"పత్తికి కాళ్ళున్నయ్యా పారిపోటానికి?"

"తడిస్తే చాలదా? నువ్వు పో. గాలి ఎక్కువైతే వస్తాలే."

బేబి వెళ్ళబోతూ ఆగింది. "అన్నట్టు పాస్టరుగారికి ఫోన్ చేసి చెప్పింది మీ జాయిసమ్మేనంట. ఊళ్ళో ఉన్నోళ్ళం మనకెవరికన్నా పట్టిందా? ఎక్కడో ఉండి ఆలోచించింది చూడు. నిజంగా బంగారం."

పరిమళ గుమ్మం పట్టుకుని నిలబడింది. చెప్పింది తను. పేరు మాత్రం ఆమెకి. అబద్ధంలో కూడా తన వాటా తనకి రాలేదు.

మధ్యాహ్నానికి సన్నగా చినుకులు మొదలయ్యాయి. కరెంటు పోయింది. కొంతసేపటికి ఫోనులో సిగ్నలు కూడా పోయింది. రేకులమీద చినుకుల చప్పుడు పెరిగినప్పుడల్లా పరిమళ తల ఎత్తి పైకి చూసేది. దూలానికి కట్టిన తాళ్ళు గట్టిగానే ఉన్నాయి. పత్తిలోంచి పచ్చివాసన వస్తోంది. ఆమె మంచం పక్కనే కూర్చుని పత్తిలో చేరిన ఆకుముక్కలు ఏరుతోంది. ఊరికే కూర్చోవడం ఆమెకి చేతకాదు.

"పరిమళా."

"ఊఁ."

"నువ్వు గొణుక్కుంటా అన్నీ చేస్తావు. అది ముద్దు చేసుకుంటా ఏమీ చెయ్యదు. మీ ఇద్దర్నీ కలిపి ఒక్క కోడల్ని ఇస్తే దేవుడి సొమ్మేం పోయేదో."

పరిమళకి నవ్వొచ్చింది. ఆపుకుంది. ముసలావిడ నోరు ఇంకా మంచాన పడలేదు. ఆ నవ్వు చల్లారకముందే, పొద్దుట్నుంచి గొంతులో తిరుగుతున్న మాట బయటపడింది.

"కారొచ్చుంటే పోయేదానివా?"

"పోయేదాన్నే."

"ఎందుకు? ఇక్కడేం తక్కువైంది నీకు?"

"ఆడ బాత్రూము గదిలోనే ఉంటది. లేచినప్పుడల్లా నిన్ను లేపక్కర్లా."

పరిమళకి ఆ రెండో ముక్క చెవికెక్కలేదు. ఆడ అన్నమాట దగ్గరే ఆమె చెవులు మూసుకుపోయాయి. "అంత ముచ్చటగా ఉంటే వాగు తగ్గాక పో. ఎవరాపారు?" అంది.

ఆరోగ్యమ్మ ఏదో చెప్పబోయి దగ్గింది. దగ్గు తగ్గాక, మాట మార్చి, పెరట్లోకి తీసుకెళ్ళమంది.

మరుగుదొడ్డి పెరటి చివర ఉంది. పరిమళ ఇద్దరి తలలమీదా పట్టా కప్పి, అత్తను గుండెకి ఆనించుకుని, బురదలో ఒక్కో అడుగే వేసుకుంటూ తీసుకెళ్ళి తీసుకొచ్చింది. ఒక చేత్తో పట్టా, ఒక చేత్తో మనిషి. పట్టా జారి వాన ఆరోగ్యమ్మ వీపంతా తడిపింది. స్వెట్టరు విప్పబోతే ఇప్పుడు అడ్డు చెప్పలేదు. అది చూసి పరిమళ కంగారుపడింది. పొడిబట్ట కట్టి పడుకోబెట్టేసరికి ఆరోగ్యమ్మకి ఆయాసం ఎక్కువైంది. గాలికోసం మెడ ముందుకి చాచింది. ముక్కుపుటాలు ఎగసిపడుతున్నాయి. పెదాలు నేరేడుపళ్ళు తిన్నట్టు నల్లబారుతున్నాయి.

నాలుక కింద మాత్ర పెట్టింది పరిమళ. వీపు రాసింది. ఇంతకుముందు ఇలా వచ్చినప్పుడు కాసేపటికి తగ్గేది. ఇప్పుడు తగ్గలేదు. ఫోను తీసి చూసింది, సిగ్నలు లేదు. అత్తను పత్తికుప్పకి ఆనించి కూర్చోబెట్టి, పడిపోకుండా రెండువైపులా పత్తి ఎగదోసి, వానలోనే బెన్ని ఇంటికి పరుగెత్తింది. వీధి చివర ఆటో ఉన్న కుర్రాడు బెన్ని. పెనుగంచిప్రోలు దాటితే ఏదో ఒక ఆసుపత్రి దొరుకుతుంది.

బెన్ని ఆటోమీద పట్టా కట్టేసి అరుగుమీద కూర్చుని ఉన్నాడు.

"బెన్నీ, అత్తమ్మకి ఆయాసం వచ్చింది. ఆటో తీయి."

అతను లేచాడు. "ఎట్టా పోతాం పెద్దమ్మా? చప్టామీద నీళ్ళంటగా."

"లేవు."

"మైకులో చెప్పారుగా. మోకాలెత్తు అంటే ఆటో కొట్టుకుపోయిద్ది."

"నీళ్ళు లేవురా."

"నువ్వు చూసావా?"

పరిమళ నోరు తెరిచింది. చూశానంటే, ఎప్పుడు చూశావంటాడు. మరి పాస్టరుగారికి ఎవరు చెప్పారంటాడు. జాయిస్‌కి చెప్పింది ఎవరని అడుగుతారు. వాన ఆమె తలమీదనుంచి గడ్డంమీదికి కారుతోంది. "ఆ మాట..." అని ఆగింది. "ఆ మాట ఎవరో తెలియక చెప్పుంటారు. నువ్వు పోయి చూసిరా. బండిమీద పోయి చూసిరా, వెంటనే."

"పాస్టరుగారు తెలియకుండా చెప్తారా?" అన్నాడు బెన్ని. అయినా ఆమె మొహం చూసి మోటార్‌సైకిలు బయటికి తీశాడు. అది వానకి నాని ఒకంతట స్టార్టవలేదు. కాలితో తన్నుతూనే ఉన్నాడు. పరిమళ ప్రతి తన్నుకీ చేతులు పిసుక్కుంది. చివరికి బండి కదిలాక వెనక్కి ఇంటికి పరుగెత్తింది.

ఆరోగ్యమ్మ ఎలా కూర్చోబెట్టిందో అలాగే ఉంది. పత్తి వెచ్చదనానికేమో వణుకు తగ్గింది. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరిగింది. పరిమళ తడిబట్టలతోనే ఆమె వెనక కూర్చుని, ఆమె తలని తన భుజంమీదికి తీసుకుంది. జుట్టు కొబ్బరినూనె వాసన వేసింది. పొద్దున తను రాసిందే.

వీధిలో ఎక్కడో బండి చప్పుడు వినబడింది.

"కారొచ్చిందా?" అంది ఆరోగ్యమ్మ.

"వస్తంది అత్తమ్మా. నీళ్ళు తగ్గినయ్."

"ఔనా" అంది. ఆ మాటలో సంతోషం ఉందో, నమ్మకపోవడం ఉందో పరిమళ తర్వాత ఎంత ఆలోచించినా తేల్చుకోలేకపోయింది. ఇంకో ఊపిరి కోసం ఎదురుచూసింది. భుజంమీద తల కొంచెం బరువెక్కింది, అంతే. రేకులమీద వాన అదే ఊపున పడుతోంది.

బెన్ని గుమ్మంలోకి వచ్చి, తడిసిన జుట్టు వెనక్కి తోసుకుంటూ అన్నాడు. "నువ్వన్నట్టే నీళ్ళు లేవు పెద్దమ్మా. కింద తూముల్లోంచే పోతన్నయ్. పాస్టరుగారికి ఎవరో తప్పు చెప్పారు. పదా, ఎక్కిద్దాం."

"ఆటో వద్దులేరా" అంది పరిమళ. "పోయి పాస్టరుగారికి చెప్పు."

చీకటి పడకముందే జాయిస్, స్టీవెన్ వచ్చారు. ఫోన్లు కలవక, చప్టాదాకా వెళ్ళి చూద్దామని బయల్దేరారట. గుమ్మంలో జనాన్ని చూసి జాయిస్ చెప్పులు కూడా విప్పకుండా లోపలికి వచ్చి అత్తమీద పడిపోయింది. ఏడుపులో మాటలు వరసగా వస్తున్నాయి. గది సర్దానని, కొత్త దుప్పటి పరిచానని, పిల్లలు నానమ్మ వస్తుందని ఎదురు చూస్తున్నారని. ఆ మాటలకి హైస్కూలునుంచి వచ్చిన ఆడవాళ్ళందరి కళ్ళూ తడిశాయి. బేబి వెళ్ళి ఆమె వీపు నిమిరింది. "పాపం, వాగు అడ్డం రాకపోతే తీసుకుపోయేదే" అంది ఎవరో.

పరిమళ నీళ్ళు కాచింది. అత్తకి స్నానం చేయించింది. దాచిన తెల్లచీర తీసింది. ఏడుపు రాలేదు. అంత బాగా ఎలా ఏడవగలుగుతుందో అని జాయిస్ వైపు చూసింది. తనకి ఒక్క మాట కూడా పైకి రావడం లేదు.

రాత్రి వస్తుందన్న గాలి రాలేదు. తుఫాను ఎక్కడో దూరంగా తీరం దాటి, పక్కకి తిరిగి పోయిందన్నారు. తెల్లవారేసరికి మబ్బులు చెదిరి పలచటి ఎండ వచ్చింది. రేకులమీద ఒక్క సంచి కూడా కదల్లేదు. ప్రేమదాసుని స్టీవెన్ కారులో తీసుకొచ్చాడు. అతను తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని, కాసేపటికి పరిమళ వైపు చూసి, "నువ్వేమన్నా తిన్నావా?" అని అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

పెట్టె పరిమళ గుమ్మంలోంచే లేచింది. గుమ్మం ఇరుకు. పక్కకి వంచి బయటికి తెచ్చారు. పెట్టె అంచుకి రెండు పోచల పత్తి అంటుకుని వెళ్ళింది. సమాధుల దగ్గర ప్రేమానందంగారు చదివారు. "పెద్దకుమారుడు ప్రేమదాసుగారి గృహములో, పెద్దకోడలు పరిమళగారి పరిచర్యలో ప్రభువునందు నిద్రించారు." పేరు కూడా చదివారు. మామప్పుడు జాయిస్ పేరు చదవలేదు. ఈ వాక్యం కోసం పరిమళ ఎన్నేళ్ళుగానో చెవి ఒగ్గి ఉంది. ఇప్పుడు అది వచ్చి, అందరి ముందూ, ఆమెకి చేరింది. చుట్టూ చూసింది. ఆడవాళ్ళు జాయిస్‌ని నడుం పట్టుకుని నిలబెడుతున్నారు.

మధ్యాహ్నం జనం పలచబడ్డాక తోడికోడళ్ళిద్దరూ పెరట్లో గంగాళాలు తోముతున్నారు. జాయిస్ కళ్ళు ఉబ్బి ఉన్నాయి. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, బూడిద వేసి బాగానే తోముతోంది. ఆమె పుట్టింది రెడ్డిగూడెం పక్క పల్లెలో. ఆమె కూడా కూలివాళ్ళ పిల్లే.

"అక్కా."

"ఊఁ."

"నిన్న వచ్చేటప్పుడు చప్టా దగ్గర కారాపి దిగా." జాయిస్ తల ఎత్తలేదు. "వాగు పారుంటే పక్కన గడ్డి పడుకునుంటదిగా. నిలబడే ఉంది."

పరిమళ చేతిలో కొబ్బరిపీచు ఆగింది. గంగాళం అడుగున నీళ్ళలో తన మొహం వంకరగా కనబడింది. ఏదో అనాలి. ఏమన్నా అంటే అదే చివరిదాకా ఉండిపోతుంది. ఏమీ అనకపోయినా అంతే.

జాయిస్ గంగాళం కడిగి బోర్లించింది, చేతులు తుడుచుకుంది, లోపలికి వెళ్ళి బేబితో మామూలుగానే మాట్లాడింది. ఆ మాట ఆమె ఎవరితోనూ అనదని పరిమళకి తెలిసిపోయింది. స్టీవెన్‌తో కూడా అనదు. ఆ మంచితనం కూడా ఆమెకే దక్కింది.

సాయంత్రం కారెక్కేముందు స్టీవెన్ డిక్కీ తెరిచి, పెద్ద వస్తువేదో రెండు చేతులతో దించి వరండాలో పెట్టాడు. "నిన్న తెచ్చింది వదినా" అన్నాడు మొహం పక్కకి తిప్పుకుని. "వాగు తగ్గినా అమ్మ రానంటే బలవంతం చేయొద్దు, ఇది ఇక్కడే ఇచ్చి వద్దాం, అక్క నడుమన్నా నిలబడిద్దని జాయిసు కొనిపించింది. ఎవరికన్నా పనికొస్తే ఇచ్చెయ్యండి."

కారు వీధి మలుపు తిరిగిపోయింది. ప్రేమదాసు రేకులమీది ఇసక సంచులు దింపడానికి నిచ్చెన వేశాడు. పరిమళ వరండాలో నిలబడింది. పెద్దవాళ్ళు మంచం పక్కనే అవసరం తీర్చుకునే కుర్చీ అది. నాలుగు స్టీలు కాళ్ళు, రెండువైపులా పట్టుకోవడానికి చేతులు, కూర్చునేచోట గుండ్రటి ఖాళీ, దాని కింద నీలంరంగు గిన్నె. షాపువాళ్ళు చుట్టిన పాలిథిన్ కవరు ఇంకా విప్పలేదు. చూరునుంచి జారిన నీళ్ళు ఆ కవరు మధ్యలో చిన్న గుంటగా నిలిచి, ప్రేమదాసు పైన అడుగు వేసినప్పుడల్లా మరో చుక్క పడి కదులుతున్నాయి.